ముందుగా పెట్టిన సంతకం

ఏసుబాబు జిరాక్స్ షాపు ముందు రెండు ప్లాస్టిక్ స్టూళ్లుంటాయి. పొద్దున్నే షట్టరెత్తి వాటిని తుడిచి బయట వేస్తాడు, పొద్దు గూకే వేళకి లోపల పెట్టుకుంటాడు. మధ్యలో వాటి మీద కూర్చునేవాళ్లు మాత్రం లేరు. నిరుడు ఈపాటికి ఆ స్టూళ్లు ఖాళీగా ఉండగా చూసినవాళ్లు లేరు. షాపుని ఆనుకునే పోలీసు స్టేషను. టీకి వచ్చిన కానిస్టేబుళ్లూ, ఫిర్యాదు ఇవ్వాలని వచ్చి లోపలికి పోవడానికి జంకేవాళ్లూ, ఊరికే పొద్దుపోనివాళ్లూ అక్కడే చేరేవారు. ఇప్పుడు నీడ కావాలన్నా రోడ్డు దాటి అవతలికి పోతున్నారు. ఇంతకీ ఆ మనిషి చేసిన నేరం ఏంటయ్యా అంటే, అరవై రెండేళ్ల వయసులో ఒక్కసారి కాగితం చదివి సంతకం పెట్టాడు. అంతే.

రేపల్లె నుంచి బాపట్ల పోయే బస్సు ఆగే ఊళ్లలో ఇదొకటి. పేరు చెప్పడం దండగ. చెబితే మా ఊరినే ఎందుకు అన్నావని తగాదాకొచ్చేవాళ్లున్నారు, వాళ్లతో పడలేం. ఏసుబాబు పుట్టింది ఇక్కడే, లూథరన్ చర్చి వెనక వీధిలో. తండ్రి మిషను బడిలో పంతులు. ఇంటరు తప్పిన కొడుకుని తెనాలి పంపించి టైపు నేర్పించాడు. ఏసుబాబు తెలుగు టైపులో హయ్యరు పాసయ్యాడు. ఆ రోజుల్లో అదేం తక్కువ చదువు కాదు. గవర్నమెంటు ఉద్యోగం రేపో మాపో అనుకుంటూ పదేళ్లు గడిపి, చివరికి ఒక పాత టైపు మిషను కొనుక్కుని స్టేషను పక్కన రేకుల పంచలో అర్జీలు కొట్టడానికి కూర్చున్నాడు. టైపు మిషను పోయి కంప్యూటరొచ్చింది, కంప్యూటరు పక్కన జిరాక్సొచ్చింది. భార్య ప్రమీలారాణి అంగన్‌వాడీ టీచరు, మాటకి ముందు నవ్వే మనిషి. ఆరేళ్ల కిందట జ్వరమని పడుకుని పదిహేను రోజుల్లో పోయింది. ఒక్కతే కూతురు హెలెన్, పెళ్లయి తెనాలిలో ఉంటుంది. ఇక మిగిలింది ఏసుబాబు, ఒక చిన్న కుక్కరు, ఆదివారం చర్చిలో వాక్యం చదివే పని. ఒక పూట వండితే రెండు పూటలు తింటాడు. కూర బాగుందని చెప్పుకోవడానికి మనిషి కూడా ఇంట్లో లేదు.

మరి స్టేషనుకీ ఇతనికీ ఏం సంబంధం అంటారా? అదే చెప్పబోతున్నా. ఎక్కడన్నా శవం దొరికితే పోలీసులకి ముందు కావలసింది పంచాయతీదారులు. అంటే, శవాన్ని ముందూ వెనకా చూసి, ఇక్కడిక్కడ గాయాలున్నాయి, ఇలా చనిపోయి ఉంటాడని మాకు తోస్తోంది అని కాగితం మీద సంతకం పెట్టే ఊరి పెద్దమనుషులు. దాన్నే శవపంచాయతీ అంటారు. పెద్దమనుషులు ఎవరొస్తారు? ఆ సంతకం పెడితే ఆనక కోర్టు మెట్లెక్కాలని అందరికీ తెలుసు. జీపు కనబడగానే సందులు వెతుక్కుంటారు. షట్టరెత్తుకుని పక్కనే కూర్చున్న ఏసుబాబు ఎక్కడికి పోతాడు? ఇరవై రెండేళ్ల కిందట కాలవలో తేలిన ఒకాయన కోసం మొదటిసారి పిలిచారు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత అలవాటైపోయింది. పురుగుమందు తాగినవాళ్లు, లారీ కింద పడినవాళ్లు, సముద్రానికి స్నానానికొచ్చి మునిగిపోయినవాళ్లు. ఇతనితోపాటు టీకొట్టు పున్నయ్య, ఆటో సుందరయ్య కూడా ఎప్పుడూ ఉండేవాళ్లు. ముగ్గుర్నీ కలిపి ఊళ్లో శవాల కమిటీ అనేవారు.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. శవం ఎక్కడో పొలంలో ఉంటుంది, ఎండ మండుతుంటుంది, ఈగలు. అక్కడ నిలబడి నాలుగు పేజీలు రాసే ఓపిక ఎవరికి? అందుకని తెల్లకాగితాల అడుగున ముగ్గురి చేతా సంతకాలు పెట్టించుకుని పంపించేస్తారు. పైన రాయవలసింది స్టేషనుకి పోయి ఫ్యాను కింద కూర్చుని రాసుకుంటారు. ముందు సంతకం, తర్వాత రాత. అందులో తప్పుందని ఏసుబాబుకి ఏనాడూ తోచలేదు. చచ్చినవాడు చచ్చాడు, రాసేవాళ్లు రాస్తారు, పెట్టేవాళ్లం పెడతాం అనుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆ పిలుపు అతనికి ఇష్టం. జీపులో ముందు సీటు, దారిలో టీ, "ఏసుబాబు గారూ" అనే పలకరింపు. ప్రమీలారాణి పోయాక ఆ పిలుపు కోసం ఎదురుచూసేవాడు కూడా. ఎదురుచూడటం అంటే ఎవరో ఒకరు చావాలని కోరుకోవడమే కదా అని ఒకసారి తోచి, సిగ్గుపడి, ఆ ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద చాలాసేపున్నాడు.

అతనికి సొంతంగా ఇంకో అలవాటుండేది. సంతకాలయ్యాక అందరూ మొహాలు తిప్పుకుని సిగరెట్లు వెలిగించుకుంటుంటే, ఇతను శవం దగ్గరికి పోయి, ఏ మతమైనా సరే, తెరిచిన కళ్లు మూసి, రెండు చేతులూ రొమ్ము మీద చేర్చి, లోలోపల ఒక్క మాట ప్రార్థన చేసుకునేవాడు. "మా బాబాయ్ పాస్టరు పని కూడా చేసిపెడతాడు" అని కానిస్టేబుళ్లు ఎగతాళి చేసేవారు. అయినా ఎవరూ వద్దనేవారు కాదు.

నిరుడు మార్చిలో, పొద్దున తొమ్మిదింటికి జీపొచ్చి షాపు ముందు ఆగింది. "బాబాయ్, ఎక్కు" అన్నాడు మధుసూదన్. ఇతను స్టేషను రైటరు, అంటే అక్కడి కాగితాలన్నీ రాసే హెడ్ కానిస్టేబులు. చెడ్డవాడేం కాదు. ప్రమీలారాణి శవపెట్టె మోసిన నలుగురిలో ఒకడు. ఏసుబాబు షట్టరు దించి ఎక్కాడు. సముద్రానికి ఇంకో కిలోమీటరుందనగా సరుగుడు తోటలో ఆపారు. అప్పటికే పున్నయ్య, సుందరయ్య అక్కడ నిలబడి ఉన్నారు. కొత్తగా వచ్చిన ఎస్సై చెప్పాడు. రామాపురం బీచిలో జనం ఫోన్లు లాక్కుపోయే ముగ్గురు కుర్రాళ్లు బండి మీద వస్తుంటే తెల్లారకట్ల ఆపారట. ఆగకుండా తోటలోకి దూరారట. ఇద్దరు తప్పించుకున్నారట. మూడోవాడు కత్తి తీసి మీదకొస్తే ప్రాణం కాపాడుకోవడానికి కాల్చవలసి వచ్చిందట.

మూడోవాడు ఇసకలో పడి ఉన్నాడు. ఒక కాలికే చెప్పుంది. చెంపకి ఇసక అంటుకుని ఉంది. ఏసుబాబు నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. వాడు రాహుల్. చర్చి వెనక వీధిలోనే ఉండే సుందరమ్మ కొడుకు. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

రాహుల్ బంగారుకొండ అని నేననను. బీచిలో ఫోను కొట్టేసిన కేసు ఒకటి వాడి మీద నిజంగానే ఉంది. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది, పదో తరగతి తర్వాత బడి మానేసి సౌండు బాక్సులు మోస్తూ తిరిగాడు. కానీ ఏసుబాబు పాఠం చెప్పే సండే స్కూల్లో ఏడేళ్లు అతని ముందు కూర్చున్నాడు. ఒక క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి వేషం వేస్తే, ఎవరో సరదాకి తెచ్చిన మేకపిల్ల చర్చిలోంచి బయటికి ఉరికింది. వీడు వేషం మీదే దాని వెంటపడి, మూడు వీధులు తిరిగి, దాన్ని భుజాన వేసుకొచ్చి మళ్లీ తన చోట నిలబడ్డాడు. పాస్టరు గారు కూడా నవ్వాపుకోలేకపోయారు. పరుగులో వాణ్ని పట్టుకునేవాడు ఆ ఊళ్లో లేడు.

ఏసుబాబు దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. రాహుల్ రెండు చేతులూ బార్లా చాచి ఉన్నాయి. గుప్పిళ్లలో ఇసకే ఉంది. ఆ ఇసక దులిపి, ఎప్పటిలాగే రొమ్ము మీద చేర్చబోయాడు. రొమ్ము మీద పెద్ద గాయం. భుజం సరిచేద్దామని వీపు కింద చెయ్యి పెడితే తడి తగిలింది. మెల్లగా పక్కకి వత్తిగిలించి చూశాడు. ఎడమ రెక్క కింద చిటికెన వేలు పట్టేంత చిన్న గాయం ఉంది. చొక్కాకి అక్కడ గుండ్రంగా బెజ్జం.

"బాబాయ్, చాల్లే, ఇటు రా" అన్నాడు మధుసూదన్.

జీపు బానెట్టు మీద తెల్లకాగితాలు పరిచి ఉన్నాయి. పున్నయ్య పెట్టాడు, సుందరయ్య పెట్టాడు. ఏసుబాబు కూడా పెట్టాడు. అబద్ధం ఎందుకు, చెయ్యి వణకలేదు కూడా. చేతికేం తెలుసు, దానికి అలవాటు. తన సంతకం కింద గీసే పొడుగాటి గీత గీసి, చివర రెండు చుక్కలు కూడా పెట్టాడు.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రి నుంచి రాహుల్ని మెడదాకా గుడ్డలు చుట్టి తెచ్చారు. వెంట రెండు జీపుల పోలీసులు. అరగంటలో అయిపోవాలన్నారు. "ఒక్కసారి ఒళ్లు కడగనియ్యండయ్యా" అని సుందరమ్మ ఎస్సై కాళ్ల దగ్గర కూర్చుంది. టైము లేదన్నారు. కన్నకొడుకు ఒంటి మీద చెంబెడు నీళ్లు పొయ్యనివ్వలేదు. సమాధుల తోటలో వాక్యం ఏసుబాబే చదివాడు. ఏం చదివాడో ఇంటికొచ్చాక గుర్తులేదు.

నాలుగు రోజులు పోయాక మధుసూదన్ ఆ కాగితాలే జిరాక్సుకి తెచ్చాడు. నాలుగు సెట్లు కావాలన్నాడు. స్టేషను కాగితాలు చదవకూడదని ఏసుబాబుకి నియమం. ఇరవై రెండేళ్లూ దాన్ని తప్పలేదు. కానీ రెండో పేజీ మిషనులో ఇరుక్కుంది. మూత తెరిచి కాగితం లాగుతుంటే కళ్లు దాని మీద పడ్డాయి. "మేము పంచాయతీదారులము మృతుని శరీరమును ముందు వెనుకలు పరిశీలించితిమి. రొమ్ము మీద ఒక గాయము తప్ప శరీరమున మరి యే గాయమును లేదు. మృతుని కుడిచేతియందు కత్తి యున్నది." దాని కింద పున్నయ్య, సుందరయ్య. ఆ కింద పొడుగాటి గీత, రెండు చుక్కలు.

"మధూ, వీపు మీదిది రాయలేదేంటి?" అన్నాడు ఏసుబాబు, కాగితం చేత్తో పట్టుకునే.

"ఏ వీపు, బాబాయ్?" అన్నాడు మధుసూదన్. మామూలుగానే అన్నాడు. అని, అతని మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు.

ఏసుబాబు కాగితం మళ్లీ మిషనులో పెట్టాడు. నాలుగు సెట్లూ తీసి, పిన్నులు కొట్టి ఇచ్చాడు. ఆ రాత్రి కుక్కరు పెట్టలేదు.

ఊరి సంగతి చెప్పాలా? కత్తి పట్టుకుని పోలీసు మీదకి పోతే పూలదండ వేస్తారా అన్నారు అందరూ. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ అన్నట్టు, తోటలో ఏం జరిగిందో అందరూ గుసగుసలాడుకుంటారు, ఎవరూ చూసినవాళ్లు కారు. చర్చిలో సుందరమ్మ కూర్చునే బెంచీ మీద ఒక్కొక్కరే జరిగి పక్క బెంచీకి పోయారు. ఆవిడ మాత్రం ఎవరు ఎదురుపడ్డా ఒకటే మాట: "మావోడికి కత్తి ఎక్కడిది? వాడు మీదకి పోయే పిల్లోడు కాదు, పారిపోయే పిల్లోడు." విని విని జనానికి విసుగొచ్చింది.

జూలైలో ఆవిడ ఏసుబాబు షాపుకొచ్చింది. చేతిలో ఎవరో చదివి చెప్పిన పేపరు ముక్క. రాహుల్ చావు మీద బాపట్లలో ఒక పెద్ద ఆఫీసరు విచారణ చేస్తారని, తెలిసినవాళ్లు వచ్చి చెప్పొచ్చని ప్రకటన. అర్జీతోపాటు పెట్టడానికి ఆధార్ కార్డు జిరాక్సు కావాలంది. అతను తీసిచ్చాడు. ఆవిడ కదల్లేదు.

"అన్నా, నువ్వు దగ్గరగా చూశావంట కదా. నాకు వాడి ఒళ్లు చూపించలేదు. ఎటు పక్క తగిలింది?"

పక్కనే స్టేషను గోడ. స్టూలు మీద ఒక కానిస్టేబులు ఫోను చూసుకుంటున్నాడు. ఏసుబాబు మిషను మూత వేసి, తెరిచి, మళ్లీ వేశాడు.

"రొమ్ము మీదమ్మా" అన్నాడు.

"రొమ్ము మీదేనా? వెనక లేదా?"

"లేదమ్మా."

సుందరమ్మ జిరాక్సు మడిచి పట్టుకుని, తలకాయ ఊపి వెళ్లిపోయింది. అసలు కార్డు మిషను మూత కిందే మరిచిపోయింది. జిరాక్సుకొచ్చినవాళ్లలో సగం మంది చేసే పనే అది. సాయంత్రం మూత తీస్తే కార్డు మీద బొమ్మలోంచి ఆవిడ చూస్తోంది. ఇచ్చేద్దామని వాళ్లింటికి పోయాడు. గుమ్మం దాకా పోయాక లోపల మాటలు వినబడ్డాయి. పక్కింటి భువనేశ్వరితో అంటోంది సుందరమ్మ.

"లేదే అమ్మాయ్, వాడు మీదకే పోయాడంట. ఏసుబాబన్న చెప్పాడు. ఆయన అబద్ధమాడడు. నేనే నా కొడుకు గురించి ఊరందరికీ అబద్ధం చెప్పుకుంటా తిరిగాను."

ఏసుబాబు కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఊరు ఊరంతా నాలుగు నెలలు చెప్పినా నమ్మని తల్లి, ఇతని ఒక్క మాటకి నమ్మేసింది. వాడి తరఫున లోకంలో మాట్లాడే మనిషి ఒక్కతే ఉంటే, ఆ నోరు కూడా తనే మూయించాడు. కార్డు కిటికీలో పెట్టి, తేలు కుట్టిన దొంగలా వెనక్కొచ్చేశాడు. ఇంటికొచ్చి ఏడ్చాడు. ప్రమీలారాణి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

వారం తిరక్కుండా విచారణకి రమ్మని అతనికీ కాగితం వచ్చింది. పంచాయతీదారు కదా, రాక తప్పదు. ఆ శనివారం తెనాలి పోయాడు, కూతురితో చెబితే ధైర్యం వస్తుందేమోనని. హెలెన్ అంతా విని, తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"నాన్నా, కాగితంలో ఉన్నదే నిజమని చెప్పు, వచ్చెయ్. నీ షాపున్నది ఎవరి స్థలం? స్టేషను వాళ్లు కన్నెర్ర చేస్తే రేపు షట్టరు ఎత్తగలవా? ఒంటరిగా ఉంటన్నావు, ఏదన్నా అయితే పక్కన పలికేది వాళ్లే కదా."

"అందుకేనమ్మా ఇన్నాళ్లూ సంతకాలు పెట్టింది" అన్నాడు ఏసుబాబు.

"మరి చూశానని ఇప్పుడు చెబితే, అప్పుడెందుకు పెట్టావంటారు. కేసు నీ మీదకే తిరుగుద్ది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"తొక్కేశాను కదమ్మా."

హెలెన్ లేచింది. భోజనం పెట్టింది, మజ్జిగ పోసింది, రైలు స్టేషనుకొచ్చి రేపల్లె బండి ఎక్కించింది. కిటికీ ఊచ పట్టుకుని ఏదో చెప్పబోయి, "ఇంటికి పోయాక ఫోన్ చెయ్యి నాన్నా" అని మాత్రం అంది. బండిలో ఎదురుగా కూర్చున్నాయన ఊరూ పేరూ అడిగితే, ఏసుబాబు కిటికీ వైపు తిరిగిపోయాడు. వేమూరు దాటేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు.

విచారణ ముందురోజు మధుసూదన్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "రేపు జీపులోనే పోదాం బాబాయ్, ముగ్గుర్నీ ఎక్కించుకుంటా. అడిగినదానికి అవునండి, కాదండి, అంతే. పావుగంట పని."

"నేను బస్సుకొస్తాలే, మధూ."

మధుసూదన్ చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. "పిన్ని పెట్టె మోశాను బాబాయ్, నేను" అన్నాడు. బెదిరించాడో బతిమాలాడో ఏసుబాబుకి ఇప్పటికీ తెలీదు. టీ సగంలోనే వదిలేసి లేచిపోయాడు. అదే ఆ స్టూలు మీద మధుసూదన్ చివరిసారి కూర్చోవడం.

బాపట్లలో ఒక ప్రభుత్వ బంగళాలో విచారణ. వరండాలో పొడుగాటి బెంచీ. ఒక చివర సుందరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఇంకో చివర ఏసుబాబు కూర్చున్నాడు. మధ్యలో నలుగురు పట్టేంత ఖాళీ. పున్నయ్య, సుందరయ్య జీపు దిగి లోపలికి పోయి, పది నిమిషాల్లో బయటికొచ్చి, ఇతని వంక చూడకుండా జీపెక్కేశారు. తర్వాత ఇతన్ని పిలిచారు.

విచారణాధికారిణి వయసు హెలెన్ కంటే తక్కువే. ముందు కాగితం పెట్టి, "ఇది మీ సంతకమేనా?" అంది.

"నాదేనండి."

"ఇందులో రాసింది నిజమేనా?"

"కాదండి."

గదిలో నోట్సు రాసుకుంటున్న గుమస్తా తలెత్తి చూశాడు. ఏసుబాబు చెప్పాడు. చేతులు రొమ్ము మీద చేర్చడం తన అలవాటనీ, ఆ రెండు చేతుల్లోనూ ఇసక తప్ప ఏమీ లేదనీ, కత్తి చుట్టుపక్కల కూడా చూడలేదనీ, వీపున ఎడమ రెక్క కింద చిన్న గాయం, రొమ్మున పెద్ద గాయం ఉన్నాయనీ చెప్పాడు. ఎటునుంచి ఎటు పోయిందో తాను డాక్టరుని కాదు కాబట్టి చెప్పలేననీ, చూసింది మాత్రమే చెబుతున్నాననీ అన్నాడు.

"మరి ఇలా రాసి ఉంటే సంతకం ఎలా పెట్టారు?"

"పెట్టినప్పుడు ఏమీ రాసి లేదండి. తెల్లకాగితమండి."

"తెల్లకాగితం మీద పెట్టారా? ఎప్పుడూ అలాగే పెడతారా?"

ఇక్కడ కాదంటే తప్పించుకుపోవచ్చు. అవునంటే ఇరవై రెండేళ్ల పరువు పోతుంది. అవుననే అన్నాడు.

"ఇలా ఎన్ని పెట్టి ఉంటారు?"

"రెండొందలు దాటి ఉంటాయండి."

ఆవిడ కలం కింద పెట్టింది. "ఏమండీ, రెండొందలసార్లు చదవకుండా పెట్టిన మనిషి మాట ఈరోజు నమ్మమంటే ఎలా?"

ఆవిడ అన్నది నిజమే. వాక్యం చదివే గొంతు, పంతులు గారి కొడుకన్న పేరు, అన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు పనికిరాకుండా పోయాయి. "నమ్మమని నేననలేనండి. వాడి చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయండి" అన్నాడు.

సరే వెళ్లండి, అంది. బయటికొస్తుంటే గుమస్తా వెనకే వచ్చి రెండు తెల్లకాగితాలు చేతికిచ్చాడు. "కరెంటు పోయింది పెద్దాయనా. మీరు చెప్పిందంతా నేను నోట్సు రాసుకున్నాలే. కింద ఇక్కడ సంతకం పెట్టేసి వెళ్లిపోండి, తర్వాత టైపు చేసుకుంటాం. మీ బస్సు పోద్ది మళ్లీ."

ఆ మనిషి మోసం చేద్దామని అన్నాడని నేననుకోను. పాపం, సాయం చేద్దామనే అన్నాడు. ఏసుబాబు జేబులోంచి పెన్ను తీశాడు, దాని మూత కూడా తీశాడు. చెయ్యి కాగితం మీదకి దానంతటదే పోయింది. అప్పుడు చూశాడు, బెంచీ ఆ చివర్నుంచి సుందరమ్మ తన చేతినే చూస్తోంది.

"రాసి తీసుకురండి బాబూ. చదివి పెడతాను" అన్నాడు.

"కరెంటు ఎప్పుడొస్తుందో ఏమో."

"ఉంటానండి."

ఒంటిగంట అయింది. రెండయింది. గుమస్తా రెండుసార్లు బయటికొచ్చి చూసి, విసుక్కుని లోపలికి పోయాడు. రెండు బస్సులు పోయాయి. సుందరమ్మ తెచ్చుకున్న గిన్నె విప్పి అన్నం తింది, ఇతన్ని తినమని అనలేదు. అనాలని ఇతను ఆశపడలేదు కూడా. నాలుగింటికి కరెంటొచ్చింది. అయిదవుతుండగా టైపు చేసిన కాగితం తెచ్చి చేతిలో పెట్టారు.

ఏసుబాబు కళ్లజోడు పెట్టుకుని, చూపుడువేలు మొదటి లైను కింద పెట్టాడు. మిషను బడి పంతులి కొడుకు, పైకి చదివితే గాని చదివినట్టుండదు. చర్చిలో చదివినట్టే, ఒక్కో మాటా విడివిడిగా చదవడం మొదలుపెట్టాడు. బెంచీ ఆ చివర సుందరమ్మ ఇటు జరిగింది. ఇంకొంచెం జరిగింది. చదువురాని మనిషి, కాగితంలోకి తొంగి చూస్తోంది.

"మృతుని రెండు చేతులూ ఖాళీగా ఉన్నవి. కత్తి లేదు. మృతుని వీపు మీద, ఎడమ రెక్క కింద..."

"వీపు మీదా?" అంది సుందరమ్మ.

"వీపు మీదమ్మా. ఆ రోజు నీతో అబద్ధం చెప్పాను."

సుందరమ్మ అతని మొహం వంక చూడలేదు. క్షమించానని గానీ, నీ నోరు పడిపోను అని గానీ అనలేదు. కాగితం మీద అతని వేలు ఎక్కడుందో అక్కడ తన వేలు పెట్టింది.

"అయితే వాడు పరిగెత్తుతానే ఉన్నాడు" అంది. వేలు తియ్యకుండానే, "మళ్లీ చదువన్నా" అంది.

ఏసుబాబు మళ్లీ మొదట్నుంచి చదివాడు. ఆవిడ చాలనేదాకా చదివి, అప్పుడు సంతకం పెట్టాడు.